ఒకే పొలం రెండుసార్లు ఎక్కకుండా: యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఎప్పుడు, యూనిక్ ఇండెక్స్ ఎప్పుడు?

సర్వే నంబర్లు, కౌలుదార్ల పేర్లు, కాలువ నీటి వంతులు, ధాన్యం తూకాలు: గోదావరి డెల్టాలో ఒకప్పుడు కరణం దస్త్రాల్లోనూ మిల్లు చిట్టాల్లోనూ ఉన్న లెక్కలు ఇవాళ డేటాబేసుల్లోకి వచ్చేశాయి. భీమవరంలోనో అమలాపురంలోనో కూర్చుని ఒక సహకార సంఘానికో, రైస్ మిల్లుకో, నీటి సంఘానికో సాఫ్ట్‌వేర్ రాస్తున్నవారి కోసం ఈ వ్యాసం. టేబుల్‌లో ఒకే ఎంట్రీ రెండుసార్లు పడితే నష్టపోయేది ప్రోగ్రామర్ కాదు. ఒకే చేను మీద ఇద్దరు కౌలుదార్లు నమోదైపోతే, పంట నష్టం డబ్బు ఎవరికి పోవాలో తేలక నిజంగా సాగు చేసినవాడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాస్‌బుక్ యజమాని పేరు మీద ఉంటుంది. హక్కు పత్రం లేని కౌలుదారుకు ఉన్న ఆధారం ఆ ఎంట్రీ ఒక్కటే. అందుకే డూప్లికేట్లను ఆపే పని శ్రద్ధగా చేయాలి.

యూనిక్ కన్‌స్ట్రెయింట్ అంటే డేటా గురించి మీరు డేటాబేసుకు చెప్పే నియమం. యూనిక్ ఇండెక్స్ అంటే ఆ నియమాన్ని చప్పున సరిచూడటానికి డేటాబేసు లోపల కట్టుకునే నిర్మాణం. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో మొదటిది ఉంది, రెండోదాని ప్రస్తావనే లేదు. ఇండెక్స్ విషయంలో పోస్ట్‌గ్రెస్ ఒక దారి, ఒరాకిల్ ఇంకో దారి కావడానికి అదే కారణం. పోస్ట్‌గ్రెస్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెడితే అదే పేరుతో ఒక బీ-ట్రీ (చెట్టు కొమ్మల్లా అమర్చిన) యూనిక్ ఇండెక్స్ దానంతటదే తయారవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే రెండూ ఒకటే, పేర్లే రెండు. వేగంలో తేడా వెతక్కండి. లోపల నడిచేది అదే చెట్టు. ఏది పెట్టాలన్నది వేగాన్ని బట్టి కాక, మీ నియమం ఎలాంటిదో చూసి తేల్చుకోవాల్సిన విషయం.

ఉదాహరణలు ఎక్కువగా పోస్ట్‌గ్రెస్‌లో ఇస్తాను, తేడా ఉన్నచోట మిగతావాటి సంగతి చెబుతాను. ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, మీరు కొట్టేటప్పుడు కీలక పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి. టేబుళ్ళకూ కాలమ్‌లకూ తెలుగు పేర్లే ఉంచుకున్నా పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. కాకపోతే పేరుకు 63 బైట్లు హద్దు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ 3 బైట్లు చొప్పున పడతాయి కాబట్టి 21 గుర్తులు దాటిన పేరు చివర తెగిపోతుంది. పొట్టి పేర్లు పెట్టుకోండి.

మొదటి అడుగు: నియమాన్ని ఒక తెలుగు వాక్యంగా రాయండి

కీబోర్డు ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. మిగతా అడుగులన్నీ కలిపినా దీనంత విలువ చేయవని నా నమ్మకం. "రెండుసార్లు ఉండకూడదు" అన్నంత మాత్రాన నియమం అయిపోదు. ఏది, దేని లోపల, ఎంతకాలం, ఏ పరిస్థితిలో రెండుసార్లు ఉండకూడదో రాయాలి.

సర్వే నంబరునే తీసుకోండి. 45వ సర్వే నంబరు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, కాబట్టి నంబరు ఒక్కదానికే యూనిక్ పెడితే రెండో ఊరు ఎక్కించేసరికే ఎర్రర్ వస్తుంది. ఊరి పేరు కలిపినా చాలదు. కొత్తపేట అనే పేరున్న ఊళ్ళు రాష్ట్రంలో ఎన్ని లేవు? కాబట్టి వాక్యం ఇలా రావాలి: "ఒక రెవెన్యూ గ్రామం కోడ్ లోపల, ఒక సర్వే నంబరూ దాని సబ్ డివిజనూ కలిసి ఒక్కసారే ఉండాలి." మూడు కాలమ్‌ల యూనిక్ అన్నమాట.

మనుషుల పేర్ల జోలికి అసలు పోవద్దు. అన్నవరం దేవుడి పేరు పెట్టుకున్న వీరవెంకట సత్యనారాయణలు మన జిల్లాల్లో ఊరికి ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. ఇంటిపేరు కలిపినా అన్నదమ్ముల పిల్లలిద్దరికి తాతపేరే పెట్టిన ఇళ్ళలో తేడా సరిగ్గా తేలదు. పేరు మీద యూనిక్ పెడితే రెండో సత్యనారాయణను ఎక్కించడానికి ఆపరేటర్ పేరు చివర ఒక చుక్కో, 2 అంకో తగిలిస్తాడు. అప్పుడు నియమమూ నిలవదు, డేటా కూడా పాడవుతుంది.

ఇక కౌలు. ఒక పొలానికి ఒక కౌలుదారే అని మీరు అనుకోవచ్చు. ఆ లెక్కలు రాసే గుమస్తాగారిని అడిగి చూడండి.

"ఒకే సర్వే నంబరుకి ఇద్దరు కౌలుదార్లు ఉంటారాండి?"

"ఆయ్, ఎందుకుండరండీ? కాలవ పక్క ఎకరం ఒకరు చేస్తారు, పల్లంలో ఎకరం ఇంకొకరు చేస్తారు."

ఈ ఒక్క జవాబుతో మీ టేబుల్ రూపమే మారిపోతుంది. యూనిక్ పెట్టాల్సింది సర్వే నంబరు మీద కాదు, దాన్ని చెక్కలుగా విడగొట్టిన టేబుల్‌లోని ఒక్కో చెక్క మీద. కోనసీమ తోటల్లో అయితే కొబ్బరి కాయ ఒకరికీ, కింద అంతరపంటగా వేసిన అరటి ఇంకొకరికీ కౌలుకిచ్చే చోట చెక్కతో పాటు పంట కూడా నియమంలోకి రావాలి. ఇలాంటివి డేటాబేసు పుస్తకంలో ఉండవు. నలుగురిని అడగాలి, విన్నది రాసుకోవాలి.

అడిగి రాసుకున్నాక, మన డెల్టా లెక్కలకు మూడు రకాల నియమాలు మిగులుతాయి. వ్యాసం చివరిదాకా ఈ మూడింటినే వాడుకుందాం. ఒకటి: పైన చెప్పిన పొలం నియమం. రెండు: ఒక చెక్క మీద నడుస్తున్న కౌలు ఒక్కటే ఉండాలి, ముగిసిన పాత కౌళ్ళు ఎన్నైనా ఉండొచ్చు. మూడు: ఒక తూము కింద ఒక వంతు నంబరు ఒక్క రైతుకే ఉండాలి, కానీ రైతులు వంతులు మార్చుకోవచ్చు.

రెండో అడుగు: ఉన్న డూప్లికేట్లను బయటికి తీయండి

పాత డేటా ఉన్న టేబుల్ మీద నేరుగా యూనిక్ పెట్టబోతే డేటాబేసు ఒప్పుకోదు. ముందు ఇది నడపండి:

సెలెక్ట్ ఊరి_కోడ్, సర్వే_నంబర్, సబ్_డివిజన్, కౌంట్(*) ఫ్రమ్ పొలాలు గ్రూప్ బై ఊరి_కోడ్, సర్వే_నంబర్, సబ్_డివిజన్ హావింగ్ కౌంట్(*) > 1;

వచ్చిన జంటల్ని చూసి వెంటనే డిలీట్ కొట్టకండి. రెండో ఎంట్రీ ఐడికి కౌళ్ళో, ధాన్యం తూకాలో తగిలించి ఉండొచ్చు. ఒక ఐడిని ఉంచుకోండి. మిగతా టేబుళ్ళలో రెండో ఐడి ఉన్నచోటల్లా మొదటి ఐడికి మార్చండి. ఆ తరవాతే రెండోదాన్ని తీసేయండి. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ జరిగేలా, లేకపోతే ఏదీ జరగకుండా ఉండేలా జరగాలి. రెండింటిలో విస్తీర్ణం వేరువేరుగా ఉంటే, ఏది నిజమో ప్రోగ్రామర్ తేల్చకూడదు. జాబితా అచ్చు తీసి సంఘానికి ఇవ్వండి, వాళ్ళు అడంగల్ చూసి చెబుతారు.

ఈ లోపు పాత డేటాలో తెలుగు టెక్స్ట్ ఉంటే ఒక చిక్కు కనబడొచ్చు. కంటికి ఒకేలా ఉన్న రెండు తూముల పేర్లు ఇలాంటి జాబితాలో రావు. దీనికి రెండు కారణాలు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం గుర్తూ కింది కొసా రెండు గుర్తులుగానూ రాయొచ్చు; "పైతూము" అనే పేరు రెండు రకాల బైట్లతో నిల్వ కావచ్చు. రెండో కారణం, పొల్లు తరవాత వచ్చే కనబడని విడదీసే గుర్తు. "డ్రెయిన్" లాంటి పదం చివర కొన్ని కీబోర్డులు దాన్ని చేర్చేస్తాయి. తెర మీద తేడా తెలియదు, డేటాబేసుకు మాత్రం అది వేరే పేరు. మొదటిదానికి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, పోస్ట్‌గ్రెస్ 13 నుంచి దొరుకుతుంది. రెండోదాన్ని అది తీయదు. రీప్లేస్‌తో మీరే తీయాలి. ఈ రెండూ చేసిన రూపాన్ని ఒక జనరేటెడ్ కాలమ్‌లో (వేరే కాలమ్ నుంచి డేటాబేసే లెక్కగట్టి నింపుకునే కాలమ్) పెట్టుకుంటే, చూపించడానికి అసలు పేరు, పోల్చడానికి శుభ్రమైన పేరు రెండూ మిగులుతాయి. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది, కాసేపట్లో చెబుతాను.

మూడో అడుగు: నల్ సంగతి తేల్చండి

పొలాలు టేబుల్‌లో సబ్ డివిజన్ లేని సర్వే నంబర్లు ఉంటాయి. అక్కడ నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) పెడితే, పోస్ట్‌గ్రెస్ దృష్టిలో ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు. కాబట్టి అదే ఊరు, అదే 45, సబ్ డివిజన్ నల్ అని పది ఎంట్రీలు వేసినా యూనిక్ నోరెత్తదు. మైఎస్‌క్యూఎల్ కూడా అంతే. ఎస్‌క్యూఎల్ సర్వర్ నల్‌ను కూడా ఒక విలువగానే లెక్కేసి రెండోదాన్ని ఆపుతుంది. ఒరాకిల్‌లో కాలమ్‌లన్నీ నల్ అయితే ఎన్నైనా పోనిస్తుంది, కొన్ని మాత్రమే నల్ అయి మిగతావి కలిస్తే ఆపుతుంది.

దీనికి నేను చెప్పే పరిష్కారం సులువైనదే: ఆ కాలమ్‌ను నాట్ నల్ చేసి, సబ్ డివిజన్ లేనప్పుడు ఒక ఖాయమైన విలువ, ఉదాహరణకు చిన్న గీత, పెట్టండి. ఖాళీ స్ట్రింగ్ వద్దు, ఒరాకిల్‌కు మారాల్సి వస్తే అక్కడ అది నల్ అయిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 15 లేదా ఆ పై వెర్షన్ అయితే కన్‌స్ట్రెయింట్‌లోనే "యూనిక్ నల్స్ నాట్ డిస్టింక్ట్" అని రాసి నల్‌లను సమానంగా చూడమని చెప్పొచ్చు.

నాలుగో అడుగు: కన్‌స్ట్రెయింటా, ఇండెక్సా తేల్చుకోండి

నియమం టేబుల్‌లోని అన్ని వరుసలకూ వర్తిస్తే, కాలమ్‌ల మీదే నేరుగా చెప్పగలిగితే, కన్‌స్ట్రెయింటే పెట్టండి. పొలం నియమం అలాంటిది:

ఆల్టర్ టేబుల్ పొలాలు యాడ్ కన్‌స్ట్రెయింట్ పొలం_ఒక్కటే యూనిక్ (ఊరి_కోడ్, సర్వే_నంబర్, సబ్_డివిజన్);

ఇదే పని "క్రియేట్ యూనిక్ ఇండెక్స్"తోనూ అవుతుంది కదా, ఎందుకీ పట్టింపు అని అడగొచ్చు. కారణాలున్నాయి. కన్‌స్ట్రెయింట్ ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్ కన్‌స్ట్రెయింట్స్ జాబితాలో కనబడుతుంది, ఒట్టి ఇండెక్స్ కనబడదు. రేపు మీ స్థానంలో ఇంకొకరు వచ్చి ఈ టేబుల్‌కున్న నియమాలేమిటని చూస్తే, కన్‌స్ట్రెయింట్‌గా ఉన్నదే వాళ్ళ కంటపడుతుంది. ఒరాకిల్‌లో ఫారిన్ కీ (ఒక టేబుల్ ఎంట్రీని ఇంకో టేబుల్ ఎంట్రీకి ముడిపెట్టే నియమం) పెట్టాలంటే అవతలి కాలమ్‌ల మీద ప్రైమరీ కీయో, యూనిక్ కన్‌స్ట్రెయింటో ఉండాలి. ఒట్టి యూనిక్ ఇండెక్స్ ఉంటే ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇండెక్స్ ఉన్నా ఒప్పుకుంటాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఏ ఇండెక్స్ ఎన్నిసార్లు వాడారో లెక్క ఉంటుంది. ఎంట్రీ వేసేటప్పుడు డూప్లికేట్ ఉందా అని చూడటం ఆ లెక్కలోకి రాదు. రోజూ డూప్లికేట్లను ఆపుతున్న యూనిక్ ఇండెక్స్ పక్కన కూడా సున్నా కనబడొచ్చు. డిస్క్ నిండిందని వాడని ఇండెక్సులు ఏరుతున్నవారెవరో ఆ సున్నా చూసి దాన్ని తీసేస్తే, నియమం చడీచప్పుడు లేకుండా పోతుంది. ఏ ఎర్రరూ రాదు, కొన్ని నెలల తరవాత డూప్లికేట్లు బయటపడతాయి. కన్‌స్ట్రెయింట్ వెనకున్న ఇండెక్స్‌ను డ్రాప్ ఇండెక్స్‌తో తీయబోతే, కన్‌స్ట్రెయింట్‌కు ఇది కావాలని డేటాబేసే అడ్డుకుంటుంది.

రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వస్తున్నాయి కాబట్టి, ఈ మూడు కాలమ్‌లనే ప్రైమరీ కీ చేయకండి. ఎప్పుడూ మారని ఐడి ఒకదాన్ని ప్రైమరీ కీగా ఉంచి, వీటి మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉంచితే నంబరు మారినప్పుడు ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది. కౌళ్ళు, తూకాలు కదలవు. కన్‌స్ట్రెయింట్ పెట్టాక అవే కాలమ్‌ల మీద మళ్ళీ మామూలు ఇండెక్స్ కట్టడం కూడా దండగ. ఊరి కోడ్ మొదట ఉంది కాబట్టి ఊరి వారీగా వెతకడానికీ అదే పనికొస్తుంది.

ఇక కౌలు నియమం. ఇక్కడ కన్‌స్ట్రెయింట్ చేతులెత్తేస్తుంది. "నడుస్తున్న కౌళ్ళలో మాత్రమే" అనే షరతును యూనిక్ కన్‌స్ట్రెయింట్‌లో రాయడానికి చోటు లేదు. చెక్క ఐడి మీద యూనిక్ పెడితే పాత కౌలు చరిత్ర చెరిపేస్తేగానీ కొత్తది ఎక్కదు. చెక్క ఐడి, స్థితి రెండింటి మీదా పెడితే, ముగిసిన కౌళ్ళు రెండైతే రెండోదాన్ని ఆపేస్తుంది. సరైన మందు షరతుతో కూడిన యూనిక్ ఇండెక్స్, అంటే పార్షియల్ ఇండెక్స్:

క్రియేట్ యూనిక్ ఇండెక్స్ నడిచే_కౌలు ఆన్ కౌళ్ళు (చెక్క_ఐడి) వేర్ ముగిసిన_తేదీ ఈజ్ నల్;

ముగిసిన తేదీ పడిన వరుసలు ఈ ఇండెక్స్‌లోకే రావు, కాబట్టి అవి ఎన్నున్నా గొడవ లేదు. ఇండెక్స్ కూడా చిన్నగా ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 వెర్షన్ నుంచి ఇదే పని ఫిల్టర్డ్ ఇండెక్స్ పేరుతో చేయొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో పార్షియల్ ఇండెక్స్ లేదు. కానీ 8.0.13 నుంచి కాలమ్ బదులు ఒక లెక్క (ఎక్స్‌ప్రెషన్) మీద ఇండెక్స్ కట్టొచ్చు. కౌలు నడుస్తుంటే చెక్క ఐడి, ముగిస్తే నల్ ఇచ్చే కేస్ రాసి దాని మీద యూనిక్ కట్టండి. నల్‌లు ఎన్నైనా ఉండొచ్చన్న గుణం ఇక్కడ మనకు కలిసొస్తుంది. ఒరాకిల్‌లోనూ ఇదే ఉపాయం.

ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే కదా, ఆ గడువు తేదీని ఇవాళ్టి తేదీతో పోల్చే షరతు పెడదామని అనిపిస్తుంది. అది కుదరదు. ఇండెక్స్ షరతులో రోజుకో రకంగా మారే ఫంక్షన్లు వాడనివ్వరు. గడువైన కౌళ్ళకు ముగిసిన తేదీ వేసే పని రోజూ రాత్రి ఒక జాబ్‌తో చేయించండి. లేదా మీ అసలు నియమం "ఒకే చెక్క మీద రెండు కౌళ్ళ కాలాలు ఒకదాని మీదికొకటి రాకూడదు" అనేదైతే, అది యూనిక్‌తో తీరేది కాదు. దానికి పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఉంది. 18వ వెర్షన్‌లో అయితే యూనిక్‌లోనే "వితౌట్ ఓవర్‌ల్యాప్స్" అని రాయొచ్చు.

పక్కనే ఇంకో నియమం చూడండి: ఒక చెక్కకు ఒక సంవత్సరంలో సార్వాకు ఒక పంట నమోదు, దాళ్వాకు ఒకటి. చూడగానే ఇది కూడా షరతుల నియమంలా ఉంటుంది. కానీ సీజన్ కూడా టేబుల్‌లో ఒక కాలమ్ కాబట్టి (చెక్క_ఐడి, సంవత్సరం, సీజన్) మీద మామూలు కన్‌స్ట్రెయింట్ చాలు. షరతు అనుకున్నది నిజానికి ఇంకో కాలమ్ కాదు కదా అని ముందు చూసుకోండి.

తూముల పేర్ల సంగతి కూడా ఇంతే. నార్మలైజ్ చేసిన రూపం మీద యూనిక్ కావాలంటే చాలామంది ఆ లెక్క మీదే యూనిక్ ఇండెక్స్ కడతారు, ఎందుకంటే కన్‌స్ట్రెయింట్ లెక్కలను ఒప్పుకోదు. మనం ముందే జనరేటెడ్ కాలమ్ చేసుకున్నాం. కాలమ్ ఉంది కాబట్టి దాని మీద, కాలువ ఐడితో కలిపి, శుభ్రంగా కన్‌స్ట్రెయింటే పెట్టొచ్చు. ఇందాక లాభమన్నది ఇదే. ఫోన్ నంబర్లకైతే అదీ అక్కర్లేదు: పది అంకెలే ఉండాలని చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, శుభ్రం చేసిన నంబరే నిల్వ చేయండి.

ఐదో అడుగు: వంతులు మార్చుకునే చోట వాయిదా వేయండి

దాళ్వాకు నీరు చాలని సంవత్సరం కాలువల కింద వంతులవారీగా నీరిస్తారు. తూము కింద నంబర్లు ఉంటాయి, రైతులు ఒప్పుకుని మార్చుకుంటారు. 4వ వంతువారికి 7, 7వ వంతువారికి 4 ఇవ్వాలి. ఒకే అప్‌డేట్‌లో కేస్ రాసి మార్చబోతే పోస్ట్‌గ్రెస్ మొదటి వరుసను 7 చేసీ చేయగానే "7 ఇప్పటికే ఉంది" అంటుంది. మామూలు యూనిక్‌ను అది వరుస వరుసకీ అక్కడికక్కడే సరిచూస్తుంది మరి. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే జరుగుతుంది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆదేశం ముగిశాక చూస్తాయి కాబట్టి అక్కడ మారిపోతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో దారి ఇదీ:

ఆల్టర్ టేబుల్ వంతులు యాడ్ కన్‌స్ట్రెయింట్ వంతు_ఒక్కటే యూనిక్ (తూము_ఐడి, వంతు_నంబర్) డిఫరబుల్ ఇనీషియల్లీ ఇమ్మీడియెట్;

డిఫరబుల్ అనగానే సరిచూడటం ఆదేశం చివరికి వెళుతుంది. 4, 7 మారిపోతాయి. రెండు వేరు అప్‌డేట్లలో మార్చాలంటే ట్రాన్సాక్షన్ మొదట్లో "సెట్ కన్‌స్ట్రెయింట్స్ వంతు_ఒక్కటే డిఫర్డ్" అంటే కమిట్ దాకా ఆగుతుంది. ఈ సౌకర్యం కన్‌స్ట్రెయింట్‌కే ఉంది, ఒట్టి యూనిక్ ఇండెక్స్‌కు లేదు. బదులుగా రెండు వదులుకోవాలి: డిఫరబుల్ యూనిక్‌ను ఫారిన్ కీతో పట్టుకోలేరు, "ఆన్ కాన్‌ఫ్లిక్ట్"కు వాడలేరు. వంతుల టేబుల్‌కు ఆ రెండూ పెద్దగా అవసరం పడవు కాబట్టి నేనైతే నిశ్చింతగా వాడతాను. పొలాల టేబుల్‌కు మాత్రం పెట్టవద్దు.

ఆరో అడుగు: నడుస్తున్న టేబుల్ మీద ఎక్కించడం

ధాన్యం కొనుగోళ్ళు జోరుగా సాగే రోజుల్లో ఆల్టర్ టేబుల్ కొడితే, ఇండెక్స్ కట్టడం అయ్యేవరకూ ఆ టేబుల్‌ను చదవడానికి కూడా వీలుకాదు. ఎదురుగా ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ముందు ఇండెక్స్‌ను పక్కనుంచి కట్టండి:

క్రియేట్ యూనిక్ ఇండెక్స్ కాన్‌కరెంట్లీ పొలం_ఇండెక్స్ ఆన్ పొలాలు (ఊరి_కోడ్, సర్వే_నంబర్, సబ్_డివిజన్);

అది పూర్తయ్యాక:

ఆల్టర్ టేబుల్ పొలాలు యాడ్ కన్‌స్ట్రెయింట్ పొలం_ఒక్కటే యూనిక్ యూజింగ్ ఇండెక్స్ పొలం_ఇండెక్స్;

లాక్ అవసరమే, కానీ ఇండెక్స్ సిద్ధంగా ఉంది కాబట్టి అతి కొద్దిసేపే. ఇండెక్స్ పేరు కూడా కన్‌స్ట్రెయింట్ పేరుకు మారిపోతుంది. పార్షియల్ ఇండెక్స్‌నూ, లెక్క మీద కట్టినదాన్నీ ఇలా కన్‌స్ట్రెయింట్‌గా మార్చలేరు. అవి ఇండెక్సులుగానే ఉంటాయి.

కాన్‌కరెంట్లీ ఆదేశం ట్రాన్సాక్షన్ లోపల నడవదు. మీ మైగ్రేషన్ టూల్ (టేబుళ్ళ మార్పులను వరుసగా నడిపే సాధనం) అన్నిటినీ ట్రాన్సాక్షన్‌లో చుడుతుంటే దీన్ని విడిగా నడపాలి. మధ్యలో డూప్లికేట్ తగిలి ఆగిపోతే, చెల్లని ఇండెక్స్ ఒకటి టేబుల్ మీద మిగిలిపోతుంది. పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే ఆదేశాల సాధనం) టేబుల్ వివరాలు చూస్తే దాని పక్కన ఇన్‌వ్యాలిడ్ అని ఉంటుంది. దాన్ని డ్రాప్ చేసి, డూప్లికేట్ తీసి, మళ్ళీ కట్టండి.

ఏడో అడుగు: రెండు కిటికీలు తెరిచి పరీక్షించండి

"ఎంట్రీ వేసేముందు మా ప్రోగ్రాం సెలెక్ట్ కొట్టి చూస్తుంది, ఇంకా డేటాబేసులో నియమం ఎందుకు" అనేవాళ్ళకు ఈ పరీక్ష చూపించండి. రెండు పీఎస్‌క్యూఎల్ కిటికీలు తెరిచి, రెండింట్లోనూ బిగిన్ కొట్టండి. రెండింట్లోనూ అదే చెక్కకు నడుస్తున్న కౌలు ఉందా అని సెలెక్ట్ చేయండి. రెండూ లేదనే చెబుతాయి. రావులపాలెంలో ఒక ఆపరేటర్, రాజోలులో ఒక ఆపరేటర్ ఒకే నిమిషంలో సేవ్ నొక్కితే జరిగేది ఇదే. ఇప్పుడు మొదటి కిటికీలో ఇన్సర్ట్ చేయండి, తరవాత రెండోదాంట్లో చేయండి. యూనిక్ ఉంటే రెండో కిటికీ కదలకుండా ఆగిపోతుంది. మొదటిదాంట్లో కమిట్ కొట్టగానే రెండోదాంట్లో ఎర్రర్ వస్తుంది. రోల్‌బ్యాక్ కొడితే రెండోది సాఫీగా ఎక్కుతుంది. యూనిక్ తీసేసి మళ్ళీ చేస్తే రెండూ ఎక్కిపోతాయి. ప్రోగ్రాంలో ఎంత జాగ్రత్తగా సెలెక్ట్ రాసినా ఈ సందును మూయలేదు.

ఎనిమిదో అడుగు: ఎర్రర్‌ను మనిషికి అర్థమయ్యేలా చెప్పండి

పోస్ట్‌గ్రెస్‌లో యూనిక్ తప్పితే 23505 కోడ్ వస్తుంది. నియమం కన్‌స్ట్రెయింట్ అయినా ఇండెక్స్ అయినా కోడ్ అదే, దాని పేరు కూడా ఎర్రర్‌తో పాటే వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో 1062. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మాత్రం కన్‌స్ట్రెయింట్ తప్పితే 2627, యూనిక్ ఇండెక్స్ తప్పితే 2601. ఒక్కదాన్నే పట్టుకునేలా రాసిన ప్రోగ్రాం, కన్‌స్ట్రెయింట్‌ను ఇండెక్స్‌గా మార్చిన మర్నాడు ఎర్రర్‌ను గుర్తుపట్టదు. రెండూ రాసి ఉంచండి.

ఎంట్రీ ముందే ఉంటే మార్చు, లేకపోతే వేయి అనే అవసరానికి "ఆన్ కాన్‌ఫ్లిక్ట్" వాడేటప్పుడు, కన్‌స్ట్రెయింట్‌ను పేరుతో పిలవొచ్చు. పార్షియల్ ఇండెక్స్‌ను పేరుతో పిలవలేరు. కాలమ్‌తో పాటు అదే షరతును కూడా రాయాలి: ఆన్ కాన్‌ఫ్లిక్ట్ (చెక్క_ఐడి) వేర్ ముగిసిన_తేదీ ఈజ్ నల్. షరతు మరిచిపోతే సరిపోయే నియమం లేదని ఆదేశం ఆగిపోతుంది. ఒక్క మాట: కౌళ్ళకు "మార్చు" అసలు వాడకండి. రెండో ఎంట్రీ వచ్చిందంటే అక్కడ ఒక తగువు ఉండొచ్చు, దాన్ని పాత ఎంట్రీ మీద దిద్ది మాయం చేయకూడదు.

ఎర్రర్‌తో పాటు నియమం పేరు వస్తుంది కాబట్టి కన్‌స్ట్రెయింట్‌కూ ఇండెక్స్‌కూ మీరే పేర్లు పెట్టండి, ప్రోగ్రాంలో ప్రతి పేరుకూ ఒక తెలుగు సందేశం జత చేయండి. "నడిచే_కౌలు" అన్న పేరు ఎర్రర్‌లో వస్తే, ప్రోగ్రాం అడ్డుపడిన పాత ఎంట్రీని వెతికి ఆపరేటర్‌కు ఇలా చూపాలి: "ఈ చెక్క మీద ఇప్పటికే ఒక కౌలు నడుస్తోందండి. నమోదైన తేదీ, నమోదు చేసిన కేంద్రం కింద ఉన్నాయి. పాత కౌలు ముగిస్తే ముందు దానికి ముగింపు తేదీ వేయండి. లేకపోతే కొత్త దరఖాస్తును పెండింగులో పెట్టండి." ఆ పెండింగు దరఖాస్తులకు వేరే టేబుల్ పెట్టండి, దాని మీద ఈ యూనిక్ వద్దు. రెండో కౌలుదారు చెప్పేది కూడా ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి.